మూడు మూరల బొంత

కలివిపండ్లకు, అదే అడవి వాక్కాయలకు, తొడిమెలు తీస్తున్నాను. పండినవే అయినా తొడిమె దగ్గర ఇంకా కొంచెం పాలుంటాయి. పది పండ్లు తీసేసరికి బొటనవేలు, చూపుడువేలు అతుక్కుపోతాయి. అందుకని చిన్న గిన్నెలో ఆముదం పెట్టుకుని, మధ్యమధ్య వేళ్లు రుద్దుకుంటూ, మంచి పండ్లు చాటలో ఒక పక్కకు, చితికినవి ఇంకో పక్కకు వేస్తున్నాను. మా చిన్నమ్మ జీవమ్మ వంటింటి గడప దగ్గర కూచుని కుందూ ఏటి ఇసుకను జల్లెడ పడుతోంది.

"చితికిండేవి పారేయొద్దు పాపా. చక్కెరేసి ఉడకబెడదాం," అంది తల ఎత్తకుండానే.

"బో పుల్లగుండాయి చిన్నమ్మా."

"పుల్లగుండేదానికే గదా చక్కెర."

నేను నంద్యాలకు వచ్చి అప్పటికి తొమ్మిది రోజులు. అది డెబ్బై తొమ్మిది మే నెల. మా అమ్మ దానమ్మ నన్ను ఆళ్లగడ్డలో బస్సు ఎక్కిస్తూ రెండు పనులు అప్పజెప్పింది. ఎండాకాలమంతా చిన్నమ్మకు తోడుగా ఉండి చేతిపని అందుకోవడం ఒకటి. చిన్నమ్మ మనసులో ఏముందో కనిపెట్టి కార్డు రాయడం రెండోది. మొదటి పని నాకు చేతనవును. రెండోది ఎట్లా చేయాలో బస్సు శిరివెళ్ల దాటేదాకా ఆలోచించినా తెలియలేదు.

సంగతి ఇది. చిన్నమ్మ నంద్యాలలో ఆడపిల్లల బోర్డింగులో కుట్టు నేర్పే టీచరమ్మ. చిన్నాయన జ్వరంతో పోయి పదమూడేళ్లయింది, పిల్లలు లేరు. ఆమె దగ్గర కుట్టు నేర్చుకుని, పోయిన ఏడాది పెళ్లయి వెళ్లిన ఒక పిల్లకు తండ్రి ఏలీయా. సున్నిపెంటలో శ్రీశైలం డ్యాం స్టోర్లో గుమాస్తా. ఆయన భార్య చనిపోయి ఆరేళ్లు. ఆయన చిన్నమ్మను పెళ్లి చేసుకుంటానని అడిగాడు. ఈస్టరుకు మా ఇంటికి వచ్చినప్పుడు చిన్నమ్మ ఈ మాట అమ్మకు చెప్పింది. అవుననీ చెప్పలేదట, కాదనీ చెప్పలేదట. జూన్‌లో బోర్డింగు తెరిచేలోపల ఏదో ఒకటి చెబుతానందట. అదే రోజు, పోయిన మా అవ్వ తెల్లచీర ఒకటి అమ్మ పెట్టెలో ఉంటే, అది నాకియ్యి అక్కా అని కూడా అడిగింది. ఎందుకో చెప్పలేదు. మా సంఘంలో పెళ్లికూతురు తెల్లచీరే కడుతుంది.

"నలభై రెండేండ్లకు తెల్లచీర కట్టుకోని పెండ్లి చేసుకుంటాదంట," అని అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. చీరా ఇవ్వలేదు.

నా సంగతి కూడా ఇందులోనే ఉంది. నేను ఊరి బడిలో చదివి, ఆళ్లగడ్డలో పది పాసయ్యాను. జూన్‌లో నంద్యాలలో టీచర్ ట్రైనింగుకు చేరాలి. చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకోవాలని రెండేళ్ల కిందటే అనుకున్నాం. చిన్నమ్మ సున్నిపెంటకు పోతే నాకు ఈ ఇల్లు లేదు. ట్రైనింగు హాస్టల్లో సీట్లు తక్కువ, దూరం వాళ్లకే ఇస్తారని అమ్మ ఎవరి దగ్గరో విని వచ్చింది. కాబట్టి చిన్నమ్మ మనసులో ఏముందో అమ్మకు ఎంత కావాలో నాకూ అంతే కావాలి. అడగడానికే నోరు రాలేదు.

*

పండ్లు ప్రతి గురువారం వచ్చేవి. శ్రీశైలం నుంచి వచ్చే బస్సు కండక్టరు ఖాజా పీర్ బస్టాండులో మాకు ఒక వెదురు బుట్ట అందించేవాడు. పైన మోదుగాకులు, లోపల కలివిపండ్లు. ఒక్కోసారి పాలపండ్లు కూడా. డ్యాం దగ్గర పనిచేసే చెంచు ఆడవాళ్ల దగ్గర ఏలీయా వాటిని తీసుకునేవాడట. బుట్టలో చీటీ ఏదీ ఉండేది కాదు. నేను మొదటి వారం ఆకులన్నీ తిప్పి చూశాను.

చిన్నమ్మ ఆ పండ్లతో కేకు చేసేది. బోర్డింగులో ఒకప్పుడు ఉన్న దొరసానమ్మ ఆమెకు క్రిస్మసు కేకు నేర్పింది. ఆమె తన దేశానికి వెళ్లిపోయింది, ఆమె పొయ్యి ఆమెతోనే పోయింది. చిన్నమ్మకు మిగిలింది ఒక పెద్ద డేక్సా. అందులో నాలుగు వేళ్ల మందాన ఇసుక పోసి, కుంపటి మీద కాచి, నడుమ పిండి పోసిన డబ్బా దించి, మూత పెట్టి, మూత మీద నిప్పులు పోసేది. చీపురుపుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి. ఇన్నేళ్లూ క్రిస్మసుకు ఒక్కసారి చేసేది. ఆ ఎండాకాలం మాత్రం వారం వారం చేసింది. నంద్యాల ఎండలో, మధ్యాహ్నం పూట, నెత్తిన నిప్పులున్న డేక్సా ముందు కూచుని చెమట తుడుచుకుంటుంటే ఎందుకిదంతా అని నాకు అర్థమయ్యేది కాదు.

మొదటి కేకులో పండ్లన్నీ అడుక్కు దిగిపోయాయి. రెండో వారం పండ్లను పొడి మైదాలో దొర్లించి వేసింది. అవి నిలిచాయి గానీ అడుగు నల్లగా మాడింది. వెంటనే ఇంకోటి చేసింది, అది బంగారంలా వచ్చింది. సగం కేకు బుట్టలో పెట్టి తిరుగు బస్సులో పంపడం అలవాటు. ఆ వారం మంచిది మాకు ఉంచి, మాడినది మొత్తం బుట్టలో పెట్టింది.

"చిన్నమ్మా, అది మాడిండేది గదా."

"తెలుసు," అంది.

నేను బుట్ట తీసుకుని బస్టాండుకు పోయాను. దారి పొడుగునా మాడు వాసన.

ఖాజా పీర్ బుట్ట అందుకుని వాసన చూశాడు. "ఏందీ పాపా, టీచరమ్మకు కోపమొచ్చిందా?"

"తెల్దన్నా."

"మొదటి వారం ఆయప్ప నా ముందరే తిన్యాడు. తిని మూడు గ్లాసుల నీళ్లు తాగినాడు. బాగుందాప్పా అంటే తల ఊపినాడు. మాట్లాడేకి నోరు అతుక్కపోయిండాది." ఆయన విజిల్ వేసి, మెట్టు మీద నిలబడి, "దీన్ని తింటే మాత్రం మనిషి గట్టోడే," అన్నాడు.

మూడో వారం ఇంకా వింత. పండ్లు వచ్చాయి. చిన్నమ్మ కేకు చేసింది, బాగా వచ్చింది. బుట్టను మాత్రం శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, ఉత్తదే పంపింది. నాలుగో వారం ఆ బుట్ట నిండి, దాని పక్కన ఇంకో బుట్ట కూడా వచ్చింది. చిన్నమ్మ రెండు బుట్టలనూ అరుగు మీద పెట్టి వాటి ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నాకు గిన్నెలో ఆముదం పోసి ఇచ్చింది.

ఇదంతా కార్డు మీద ఎట్లా రాయాలి? మొదటి కార్డు నుంచీ నేను రాసింది ఇంతే: "చిన్నమ్మ బాగుంది. కేకులు చేస్తోంది. ఒక బొంత కూడా కుడుతోంది."

*

అమ్మ జవాబులో కేకుల మాటే లేదు. "బొంత ఎంత వెడల్పు?" అని ఒకే ఒక ప్రశ్న.

ఆ ప్రశ్న చూసి నేను మొదట తెల్లబోయాను. తర్వాత తెలిసింది. చిన్నమ్మ ఇంట్లో ఉన్నది ఒకే నులక మంచం. ఒక మనిషికైతే మూడు మూరల వెడల్పు చాలు. ఇద్దరికైతే నాలుగున్నర, అయిదు ఉండాలి. బొంత మూడు మూరలైతే చిన్నమ్మ ఉంటుంది, అయిదైతే పోతుంది. అమ్మ లెక్క అది. అంతకంటే మంచి లెక్క నా దగ్గరా లేదు.

చిన్నమ్మ స్నానానికి పోయినప్పుడు మడత విప్పి మోచేత్తో కొలిచాను. మూడు మూరలు, ఇంకా అంచు కట్టలేదు. అదే రాశాను. వారం తర్వాత చూస్తే ఒక పక్కన పసుపు గుడ్డ పేటు ఒకటి అతికించి ఉంది, నాలుగున్నర అయింది. అదీ రాశాను. అమ్మ వెంటనే కార్డు వేసింది: "ఎవరి మూర? నీది పొట్టి చెయ్యి. నా మూరతో చెప్పు."

అమ్మ మూర నా దగ్గర ఎక్కడుంది.

బొంత కుట్టడం చిన్నమ్మ పక్కింటి హమీదాబీ దగ్గర నేర్చుకుంది. ఆమెకు అరవై దాటాయి, చూపు తగ్గింది, అయినా కుట్టు మీద వేలు పెట్టి ఎక్కడ వదులో చెబుతుంది. పాత చీరలు మూడు నాలుగు పొరలు పరిచి, పైన ముక్కలు అతికిన పొర వేసి, సన్నగా చుక్కకుట్టు వేస్తూ పోవాలి. ఆఖరుకు నాలుగు వైపులా అంచు పట్టీ కట్టాలి. మధ్యాహ్నం ఇసుక డేక్సా కుంపటి మీద ఉండగానే ముగ్గురం అరుగు మీద బొంత చుట్టూ కూచునేవాళ్లం. నేను సూదికి దారం ఎక్కించి ఇచ్చేదాన్ని, తర్వాత తర్వాత నాకూ ఒక మూల ఇచ్చారు.

"ఇదేంది జీవమ్మా, పోయిన వారం ఈ పసుపు ల్యాకుండె," అంది హమీదాబీ వేళ్లతో తడిమి.

"పెట్టినా అక్కా."

"వారానికొక వెడల్పు. బొంతనా ఇది, వానాకాలం కుందూనా? అంచు కట్టినాక పెంచేకి కాదు, తగ్గించేకి కాదు, తెలుసు గదా."

"తెలుసు కాబట్టే కట్టలేదు."

హమీదాబీ నా వైపు తిరిగి, "మీ చిన్నమ్మ దేనికోసరం కుడతాందో నీకేమన్నా చెప్పిందా?" అంది.

చిన్నమ్మ పళ్లతో దారం కొరుకుతూ నన్ను చూసింది. నేను చెబుతాననా, అడుగుతాననా? నాకు తెలియలేదు. తల అడ్డంగా ఊపాను. చిన్నమ్మ మళ్లీ కుట్టుకోసాగింది.

*

మే నెల ఆఖరి ఆదివారం చర్చి అయినాక ఏలీయా ఇంటికి వచ్చాడు. వస్తాడని నాకు ముందు చెప్పలేదు. సన్నటి మనిషి, తలకు నూనె, తెల్ల చొక్కా జేబులో రెండు పెన్నులు. చేతిలో బుట్ట లేదు. నేరేడు పండ్లు మాత్రం రుమాల్లో కట్టుకొచ్చాడు. రుమాలు ఊదారంగై పోయింది.

చిన్నమ్మ కేకు కోసి పెట్టింది. ఆయన తింటుంటే నేను వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాను.

"రెండోసారి పంపించిన కేకు ఎట్లుండె?" అని చిన్నమ్మే అడిగింది.

"అడుగు బాగుండె."

"అడుగు మాడిపోయింది గదా."

"అదే చెప్తాండా."

చిన్నమ్మ చప్పున గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు వెనక నుంచి తెలియలేదు. తిరిగినప్పుడు ముఖం మామూలుగానే ఉంది.

ఆయన మూలన మడిచి ఉన్న బొంతను చూశాడు. దాని గురించి ఏమీ అనలేదు. నన్ను చూసి, "ట్రైనింగులో చేరినాక యాడుంటావ్ పాపా?" అన్నాడు.

"ఈడనే. చిన్నమ్మ దగ్గర."

"ఊ," అన్నాడు. గ్లాసులో మిగిలిన నీళ్లు తాగాడు. బస్సుకు టైమైందని లేచాడు.

ఆయన పోయినాక చిన్నమ్మ కత్తెర తీసుకుని పసుపు పేటు కుట్లు ఒక్కొక్కటీ విప్పింది. బొంత మళ్లీ మూడు మూరలైంది. ఆయన నన్ను అడిగిన మాట, నేను చెప్పిన మాట, ఆ వెంటనే కత్తెర. నాకోసమే ఈమె ఉండిపోతోంది అనుకున్నాను. ఉండిపోతే నాకు ఇల్లుంటుంది. సంతోషించాలి. ఆ సాయంత్రం నా వంతు కేకు సగమే తిని, మిగతాది గిన్నెలో మూతపెట్టాను.

"మూడు మూరలు," అని అమ్మకు రాశాను. "దేవుడు మేలు చేశాడు," అని జవాబు వచ్చింది.

*

జూన్ మొదటి ఆదివారం చర్చిలో అయ్యగారు కాగితం విప్పి వివాహ ప్రకటన చదివారు. సున్నిపెంట సంఘస్థుడు, భార్య చనిపోయిన ఏలీయాకు, నంద్యాల సంఘస్థురాలు, భర్త చనిపోయిన జీవమ్మకు వివాహం చేయ నిశ్చయించారు, ఇది మొదటి ప్రకటన, వీరు పెళ్లి చేసుకోకూడదని ఎవరికైనా తగిన కారణం తెలిస్తే చెప్పవలెను.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఇట్లా చదువుతారు. మూడుసార్లూ ఎవరూ లేవకపోతే పెళ్లి ఖాయమే. నేను చిన్నప్పటి నుంచి ఎన్ని విన్నానో. ఎవరూ లేవరు. ఎవరైనా లేస్తే ఏమవుతుందో నాకు తెలియదు. ఆ రోజు మాత్రం చుట్టూ చూశాను. ఆడవాళ్లు అందరూ చిన్నమ్మనే చూస్తున్నారు. చిన్నమ్మ పాటల పుస్తకంలో పేజీ వెతుకుతోంది. పాట అప్పటికే అయిపోయింది.

ఇంటికి వచ్చాక అన్నం వడ్డించింది. "చారు కావాల్నా?" అంది. ఆ రోజు మాట్లాడింది అంతే. బొంత మూడు మూరలే. ప్రకటనేమో చదివారు. నాకు ఏది నిజమో తెలియలేదు. అమ్మకు కార్డు రాయడానికి కూచుని, ఏమి రాయాలో తోచక, ఆఖరుకు ప్రకటన మాట ఒక్కటే రాసి పోస్టు చేశాను.

బుధవారం అమ్మ దిగింది. సంచి అరుగు మీద పెట్టి, చెప్పులు కూడా విడవకుండా, "అయ్యగారికి చెప్పినావ్. నాకు చెప్పేకి నోరు రాలేదా మే?" అంది.

"చెప్తే ఒద్దంటావ్ అక్కా."

"ఒద్దనే అంటా. నిన్ను ఎత్తుకోని పెంచినదాన్ని. అడవిలో, డ్యాం కాడ, ఎవరున్నారు నీకు ఆడ?"

"ఈడ ఎవరున్నారు?"

"ఇదో, ఈ పిల్ల," అని అమ్మ నా రెక్క పట్టుకుని ముందుకు లాగింది. "ఈ పిల్లను యాడ పెడతావ్? రెండేండ్ల నుంచి నీ మాట నమ్ముకోని ఉండాం."

చిన్నమ్మ ఏదో చెప్పబోయింది. అమ్మ ఆగలేదు. "ఇంగా రెండు ఆదివారాలుండాయి. మూడోసారి చదివేటప్పుడు నేను లేసి నిలబడతా."

"ఏం కారణం చెప్తావ్?"

"అప్పుడు చూసుకుంటా."

చిన్నమ్మ లోపలికి పోయి ఇసుక జల్లెడ పట్టసాగింది. మరుసటి రోజు గురువారం.

అమ్మ సంచిలో సబ్బు తీయమంటే చేయి పెట్టాను. అడుగున, పాత తువాలులో చుట్టి, అవ్వ తెల్లచీర ఉంది. ఆపడానికి వచ్చిన మనిషి అది ఎందుకు తెచ్చింది? నేను సబ్బు తీసి, తువాలు ముందున్నట్టే సర్ది పెట్టాను. అమ్మను అడగలేదు.

*

రెండో ఆదివారం ప్రకటన చదివినప్పుడు అమ్మ నా పక్కనే కూచుంది. ఆమె మోకాళ్ల మీద చేతులు బిగించుకుని ఉంది. లేవలేదు.

ఆ వారమంతా ఇంట్లో అక్కచెల్లెళ్లు ఉప్పు, పప్పు గురించి తప్ప మాట్లాడుకోలేదు. శుక్రవారం మధ్యాహ్నం చిన్నమ్మ ఏదో పని ఉందని బోర్డింగు వైపు పోయింది. అమ్మ బొంత తెచ్చి నా ఒళ్లో వేసింది.

"మూడు మూరలే ఉండాది. నా మూరతో కూడా చూసినా. అంచు కట్టు."

"చిన్నమ్మ ల్యాకుండా ఎట్లమ్మా?"

"దాని మనసు ఈడనే ఉండాది, అందుకే మూడు కాడ ఆపింది. ఆయప్ప తొందరపెట్టి అయ్యగారికి చెప్పించింటాడు. అంచు కట్టి పెడితే అదే తెలుసుకుంటాది. కట్టు, నీకోసరమే చెప్తాండా."

నాకోసమే. ఆ మాటతో నా చేతులు కదిలాయి. ఎర్ర పట్టీ చిన్నమ్మ పెట్టెలో సిద్ధంగా ఉంది. ఒక వైపు అంచు నేను, ఒక వైపు అమ్మ మొదలుపెట్టాం. అమ్మ కుట్లు పొడుగ్గా, వంకరగా పడుతుంటే నేనే లాక్కుని కుట్టాను. మూడో వైపు తిరిగేటప్పుడు హమీదాబీ గోడ పక్క నుంచి తొంగిచూసింది. "అంచు కడతాండారా? జీవమ్మ చెప్పిందా?"

అమ్మ, "చెప్పింది," అంది.

నేను తల దించుకుని కుట్టాను. నాలుగో మూల దగ్గర దారం ముడివేసేటప్పుడు వేలికి గుచ్చుకుంది. ఎర్ర పట్టీ మీద రక్తం కనబడలేదు. ఇంక దాన్ని ఎవరూ పెంచలేరు. నేను చేసిన పని అది, అమ్మ చేసింది కాదు. చిన్నమ్మ వచ్చేలోపల మడిచి మూలన పెట్టాను.

శనివారం సాయంత్రం దాకా ఆమె చూడలేదు. నేను మాత్రం ఆమె మూల వైపు పోయినప్పుడల్లా అటే చూశాను. దీపం పెట్టే వేళకు సూదీ దారం తీసుకుని వచ్చి కూచుంది. బొంత విప్పింది. ఎర్ర అంచు చూసింది. నాలుగు వైపులా వేలు పెట్టి నడిపింది, హమీదాబీ చూసినట్టు. అమ్మ వంటింటి గడపలో నిలబడిపోయింది.

"ఇది నువ్వా?" అంది చిన్నమ్మ నాతో.

"ఊ."

"ఈ ఒక్క పక్క కొంచెం వంకర."

"అది అమ్మ."

చిన్నమ్మ బొంతను మడిచి, నా వైపు జరిపింది. "నీ బొంతకు నువ్వే అంచు కట్టుకుంటివి. మేలే. నాకు ఒక పని తగ్గింది."

నాకు అర్థం కాలేదు. అమ్మకూ కాలేదు. "దాని బొంతేంది?" అంది.

"హాస్టలుకు. ట్రైనింగు హాస్టల్లో సీటు అడిగినా, ఏప్రిల్లోనే. ముందెప్పుడో నా దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్లే ఆడ వార్డెను. ఇద్దరిద్దరికి ఒక చాప, పక్క మీరే తెచ్చుకోవాల అనింది. దానికి నాలుగున్నర పెట్టినా. తర్వాత ఇనుప మంచాలు వస్తాండాయి అనింది. మంచానికి మూడు చాలు అని విప్పినా. ఆ పైన మంచాలు వస్తాయో రావో అనింది. అందుకే అంచు కట్టకుండా పెట్టుకున్యా. నిన్న పోతే మంచాలు దిగినాయి. సీటు కూడా రాసిచ్చింది." జాకెట్లోంచి మడిచిన కాగితం తీసి నా ముందు పెట్టింది. "చేతికి వచ్చేదాకా చెప్పగూడదు అనుకున్యా. ల్యాకపోతే నువ్వు ఆశ పెట్టుకుంటావ్."

కాగితం మీద నా పేరు ఉంది. దెబోరా. నెల రోజులు నేను కొలిచి, రాసి, పోస్టు చేసిందంతా నా పడక గురించే.

"చిన్నమ్మా, నేను..." అన్నాను.

"ఎవరికని ఒక్కసారి అడిగింటే చెప్పేదాన్ని గదా పాపా. నువ్వు అడగవు. చూస్తావ్ అంతే." ఆమె గొంతులో కోపం లేదు. నాకు అదే కష్టమైంది.

అమ్మ గడపలోనే కూచుంది. "అంటే మొదట్నించీ నువ్వు పోయేదానివే."

"మొదట్నించి కాదు."

"మరి ఎప్పట్నించి?"

చిన్నమ్మ సూదిని దారపు ఉండకు గుచ్చింది. "తెల్దక్కా. మాడిండే కేకు పంపించి చూసినా. ఏమన్నా అంటాడేమో, సరిపోతాది అనుకున్యా. ఏమనలేదు. ఇంగ చాలు అని ఒక వారం ఉత్త బుట్ట పంపించినా. రెండు బుట్టలొచ్చినాయి. పారేయలేకపోయినా. అంతే. నాకూ అంతకంటే తెల్దు."

"పండ్లకు పెండ్లి చేసుకుంటావా?"

"పదమూడేండ్లు ఎవరూ నాకు బుట్ట పంపలేదు గదా."

అమ్మ నా ముందున్న బొంతను చూసి, "పిల్లకు బొంత కుట్టినావ్. నీకేముండాది కప్పుకునేకి?" అంది. అడిగినట్టు లేదు, తిట్టినట్టూ లేదు.

"ఈస్టరుకు నేనడిగింది నువ్వియ్యలేదు," అంది చిన్నమ్మ.

*

ఆదివారం తెల్లవారి లేచేసరికి రాత్రి వాన పడి వాకిలి తడిగా ఉంది. మూడో ప్రకటన చదివే రోజు. చిన్నమ్మ వంటింట్లో కుంపటి ఊదుతోంది. నేను డేక్సాలో ఇసుక తీసి చాటలో పోస్తున్నాను.

అమ్మ అప్పటికే స్నానం చేసి, ఊరినుంచి కట్టుకొచ్చిన చీరే కట్టుకుంది. చర్చికి కట్టుకునే చీర కాదు. సంచి తెచ్చి మంచం మీద పెట్టి, తువాలు చుట్ట విప్పింది. అవ్వ తెల్లచీర మడతలు పసుపుపచ్చగా మారి ఉన్నాయి. దాన్ని రెండు చేతులతో నిమిరి, మంచం నడుమ పెట్టింది. బొంత కోసం ముక్కలు కోసుకోమనో, పెళ్లికి కట్టుకోమనో నాకు తెలియలేదు. చిన్నమ్మ ఎందుకు అడిగిందో కూడా ఎప్పుడూ చెప్పలేదు. బహుశా అమ్మ కూడా అడగలేదు.

"అమ్మా, చర్చికి..." అన్నాను.

అమ్మ నన్ను చూసింది. నా వేళ్లకు ఇసుక ఉంది. దగ్గరికి వచ్చి కొంగుతో నా చేయి తుడిచింది, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు తుడిచినట్టు. వంటింటి వైపు చూసింది. చిన్నమ్మ ఊదడం ఆపింది, ఇటు తిరగలేదు. కుంపటిలో బొగ్గులు చిటపటలాడుతున్నాయి.

మా వాకిట్లో నుంచి ఎడమకు పోతే చర్చి. కుడికి పోతే బస్టాండు, ఆళ్లగడ్డ బస్సు ఏడుంబావుకు. ఇంకో రెండు గంటల్లో అయ్యగారు మూడోసారి చదువుతారు. లేచి నిలబడతానన్నది ఒక్క అమ్మే.

అమ్మ సంచి భుజానికి తగిలించుకుంది. చెప్పులు వేసుకుని, తడి మెట్టు మీద జాగ్రత్తగా కాలు పెట్టి దిగి, ఎవరికీ ఏమీ చెప్పకుండా కుడివైపుకు తిరిగి వెళ్లిపోయింది.